డిప్రెషన్‌లో దేవుడు దూరమైపోయినట్టుంటే ఏం చేయాలి, ఏం చేయకూడదు

ఈ మధ్య మోకరిస్తే మాట రావడం లేదు. బైబిల్ తెరిస్తే అక్షరాలు కనిపిస్తున్నాయి గానీ ఒక్కటీ లోపలికి దిగడం లేదు. చర్చిలో పక్కవాళ్ళు కళ్ళు మూసుకుని చేతులెత్తి పాడుతుంటే మీకు మాత్రం పైన ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేం వినబడటం లేదు, ఇంటికొచ్చాక "నేను పడిపోయాను, దేవుడు నన్ను వదిలేశాడు" అని రాత్రి రెండింటి దాకా అదే ఆలోచన. ఇలా ఉన్నవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. శ్రీకాకుళం, విజయనగరం వైపు సంఘాల్లో ఇలాంటివాళ్ళు తక్కువేం లేరు, బయటికి చెప్పరంతే. చెబితే వచ్చే మొదటి జవాబు ఏంటో తెలుసు కాబట్టి: "ప్రార్థన చాలడం లేదమ్మా."

నేను పాస్టర్ని కాను, డాక్టర్ని అసలే కాను. ఈ జబ్బుకి మందులు వాడుతూ ఆదివారం వెనక వరసలో కూర్చునే మామూలు విశ్వాసిని. కింద చెప్పినవన్నీ ఒకేసారి చేయాలని లేదు. మొదటి రెండూ మాత్రం వాయిదా వేయకండి.

1. దేవుడొక్కడే దూరమయ్యాడా, అన్నీ దూరమయ్యాయా చూసుకోండి

ఇది ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే మిగతా దారంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది. దేవుడి సంగతి కాసేపు పక్కన పెట్టి మిమ్మల్ని మీరు ఈ ప్రశ్నలు అడగండి. ఇష్టమైన చేపల పులుసు పెడితే రుచి తెలుస్తోందా? చంటిది నవ్వుకుంటూ మీ మీదికి ఎక్కితే ఏమన్నా అనిపిస్తోందా, లేక ఎవరైనా వచ్చి ఎత్తుకుపోతే బాగుండనిపిస్తోందా? స్నేహితుడు ఫోన్ చేస్తే ఎత్తాలనిపిస్తోందా? క్రికెట్, సీరియల్, కొత్త చీర, పండక్కి ఊరెళ్ళడం, ఇదివరకు సంతోషమిచ్చినవాటిలో ఒక్కటైనా ఇప్పుడు ఇస్తోందా?

అన్నిటికీ జవాబు "లేదు" అయితే దేవుడు ప్రత్యేకంగా మిమ్మల్ని వదిలి వెళ్ళినట్టు కాదు. అనిపించడం అనేదే మీలో ఆగిపోయింది, అందులో దేవుడి గురించి అనిపించడం కూడా ఒకటి. జ్వరంలో నోరు చేదెక్కితే అన్నం పాడైందని ఎవరూ అనుకోరు కదా. ఇలా మనసు కుంగిపోవడమో, దేని మీదా ఆసక్తి లేకపోవడమో రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా ఉంటూ, దాంతోపాటు నిద్ర పట్టకపోవడం లేదా పొద్దస్తమానం పడుకోవడం, ఆకలి పోవడం, పని మీద మనసు నిలవకపోవడం, ఒళ్ళంతా బరువు, నేను దేనికీ పనికిరానన్న ఆలోచన, ఇలాంటివి కలిస్తే డాక్టర్లు దాన్ని డిప్రెషన్ అంటారు. బాలింతల్లో కూడా ఇది వస్తుంది, దాన్ని "పచ్చి ఒళ్ళు కదా, అదే సర్దుకుంటుంది" అని వదిలేస్తారు, వదలకూడదు.

ఇక పాపం సంగతి. విశ్వాసులకు ఎక్కువ భయం అక్కడే. నిజంగా ఒక తప్పు చేసి దాని వల్ల మనసు కుమిలిపోతుంటే ఆ తప్పుకి ఒక పేరు ఉంటుంది, ఫలానావాళ్ళని మోసం చేశాను, ఫలానా మాట అన్నాను అని చెప్పగలుగుతారు, ఒప్పుకుని సరిదిద్దుకుంటే బరువు దిగుతుంది. డిప్రెషన్ తెచ్చే నేరభావన అలా ఉండదు. ఏం చేశానో తెలీదు గానీ ఏదో చేశాననిపిస్తుంది, ఎప్పుడో పదో తరగతిలో చేసిన తప్పుని తవ్వి తీసి ఒప్పుకున్నదాన్నే మళ్ళీ మళ్ళీ ఒప్పుకుంటారు, లేచేసరికి బరువు అంతే ఉంటుంది. అలా ఉంటే ఇంకోసారి ఒప్పుకోవడం మానేయండి. అది పశ్చాత్తాపం కాదు, జబ్బు లక్షణం.

2. డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, అది అవిశ్వాసం కాదు

చచ్చిపోవాలనే ఆలోచన వస్తుంటే ముందు ఇది చదవండి. ఈ క్షణం ఇంట్లో ఎవరో ఒకరికి చెప్పండి, ఒంటరిగా గదిలో ఉండకండి. 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ లైను, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణం మీదికి వస్తే 108. ఇంట్లో పొలానికి కొట్టే మందులు, మిగిలిపోయిన మాత్రల అట్టలు ఉంటే వాటిని వేరే ఇంటికి పంపించేయమని చెప్పండి, తాళం వేసి తాళంచెవి మీ దగ్గరే ఉంచుకుంటే లాభం లేదు. ఇలాంటి ఆలోచన వచ్చినందుకు నరకానికి పోతానేమో అని భయపడేవాళ్ళకి ఒక్క మాట: ఏలీయా ప్రవక్త "నా ప్రాణము తీసికొనుము" అని దేవుణ్ణే అడిగాడు. దేవుడు తిట్టలేదు.

ఆ కథ, అంటే మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం, ఈసారి తాపీగా చదవండి. కర్మెలు కొండ మీద అంత పెద్ద విజయం చూసిన మనిషి ఆ వెంటనే ప్రాణభయంతో అరణ్యంలోకి పారిపోయి బదరీవృక్షం కింద పడిపోయాడు. దూత వచ్చి ఏం చేశాడు? ప్రసంగం చెప్పలేదు. నీ విశ్వాసం ఏమైపోయిందని అడగలేదు. తట్టి లేపి నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్ళ బుడ్డి చూపించాడు. తిని తాగి మళ్ళీ పడుకున్నాడు, రెండోసారి కూడా లేపి "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది" అని చెప్పి మళ్ళీ తినమన్నాడు. హోరేబు కొండ మీద దేవుడు మాట్లాడటం ఆ తర్వాత సంగతి. తిండి, నిద్ర, మళ్ళీ తిండి, ఆ తర్వాతే మాట. ఈ వరస మార్చి, పస్తులుంచి ప్రసంగం చెప్పేవాళ్ళు మన దగ్గర చాలామంది. మీరు మాత్రం పొద్దున్నే గ్లాసుడు చోడంబలి అయినా కడుపులో పడకుండా బైబిల్ ముందు కూర్చోకండి.

ఎక్కడికి వెళ్ళాలి? శ్రీకాకుళంలో మనమంతా ఇప్పటికీ రిమ్స్ అనే పిలుచుకునే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది, విజయనగరంలో 2023లో మెడికల్ కాలేజీ మొదలయ్యాక అక్కడి పెద్దాసుపత్రి కూడా సర్వజన ఆసుపత్రి అయింది, నెల్లిమర్ల వైపు వాళ్ళకి మిమ్స్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి దగ్గర. ఓపీలో "సైకియాట్రీ" అని అడిగితే చాలు. అక్కడితో కాకపోతే విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ పేరు చెప్పి ఎగతాళి చేసేవాళ్ళని పట్టించుకోకండి, వాళ్ళ ఇంట్లోకి ఈ జబ్బు వచ్చినా ఎక్కాల్సిన బస్సు అదే. తెలిసినవాళ్ళు చూస్తే పిల్ల సంబంధాలు పోతాయన్న భయం ఉంటే, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మీ జబ్బు సంగతి గోప్యంగా ఉంచే బాధ్యత డాక్టరుకి ఉంది.

ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిల్, బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్ ఎక్కించుకుని "నీరసం" అని సరిపెట్టుకోకండి. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చుకోకండి, అల్ప్రాజోలం లాంటివి నిజంగానే అలవాటైపోతాయి. డిప్రెషన్‌కి డాక్టర్ రాసే మందులు వేరు, ఎస్‌సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి, అవి మత్తు మందుల్లా అలవాటయ్యేవి కావు. పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, మొదటి వారం వికారం, కంగారు ఉండొచ్చు, అక్కడే చాలామంది "పడలేదు" అని ఆపేస్తారు. ఇరవై అయిదేళ్ళ లోపు వాళ్ళు మొదలుపెడితే మొదటి కొన్ని వారాలు ఇంట్లోవాళ్ళు కనిపెట్టుకుని ఉండాలి, కొందరిలో చచ్చిపోవాలన్న ఆలోచన మొదట్లో పెరిగే అవకాశం ఉంది, అలా అనిపిస్తే వెంటనే డాక్టరుకి చెప్పాలి. థైరాయిడ్, రక్తహీనత, బీ12 తక్కువ కావడం కూడా మనిషిని ఇలాగే చేస్తాయి కాబట్టి ఆ రక్తపరీక్షల గురించి కూడా డాక్టర్నే అడగండి.

మందు వేసుకుంటే విశ్వాసం లేనట్టా? పౌలు తనతో ఉన్న లూకాని "ప్రియుడైన వైద్యుడు" అన్నాడు. చావు జబ్బులో ఉన్న హిజ్కియా రాజుకి దేవుడు పదిహేనేళ్ళ ఆయుష్షు పెంచుతానని మాటిచ్చాక కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద కట్టమన్నాడు. మాటా ఇచ్చారు, కట్టూ కట్టారు. ఇంతకన్నా వాదించను. బీపీ మాత్ర జేబులో పెట్టుకుని వేదిక ఎక్కి మానసిక జబ్బుకి మందులొద్దని చెప్పే మనిషితో వాదించి ప్రయోజనం లేదు.

3. ప్రార్థనని చిన్నది చేయండి

రోజూ గంట ప్రార్థన చేసేవాళ్ళు ఇప్పుడు గంట చేయలేరు. చేయలేక అసలే మానేస్తారు, మానేశామని కుమిలిపోతారు. గంట ఆశ వదిలేయండి.

మాత్ర వేసుకునే వేళకి ప్రార్థనని ముడిపెట్టండి. మాత్ర అరచేతిలో పెట్టుకుని, "ప్రభువా, ఈ పూట గడవనీ" అని, నీళ్ళు తాగేయండి. అంతే, ఆమేన్. మాట రాని రోజు పరలోక ప్రార్థన చెప్పండి, చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్నది నోటికి దానంతటదే వస్తుంది, మనసు లేకుండా చెప్పినా తప్పు లేదు, మనసు లేని రోజు కోసమే నోటికి వచ్చిన ప్రార్థన. కతోలిక సంఘంలోవాళ్ళయితే జపమాల ఈ విషయంలో మాకన్నా మీకు మేలు, వేళ్ళకి ఒక పని ఉంటుంది. అదీ రాకపోతే మార్కు 9లో ఆ పిల్లాడి తండ్రి అన్న మాట ఉంది: "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము." సగం నమ్మకం, సగం లేకపోవడం, రెండూ ఒకే శ్వాసలో చెప్పేశాడు, ఆయన కొడుకు బాగయ్యాడు.

అదీ రాకపోతే మూలుగు. వినడానికి బాగోదు గానీ రోమా 8:26లో రాసింది అదే, మనం ఎలా ప్రార్థించాలో తెలియనప్పుడు ఆత్మ తానే ఉచ్చరింప శక్యముగాని మూలుగులతో విజ్ఞాపన చేస్తుందని. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని "అయ్యో దేవుడా" అన్నది కూడా ప్రార్థనే అని నా నమ్మకం.

దేవుడి మీద కోపం వస్తే అదీ చెప్పండి. మర్యాదగా మాట్లాడకపోతే ఆయన నొచ్చుకుంటాడన్నట్టు మనవాళ్ళు భయపడతారు. 13వ కీర్తన తీసి గట్టిగా చదవండి: "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు? నిత్యము మరచెదవా?" ఇది దావీదు మాట, బైబిల్లోనే ఉంది, మీరు ధైర్యంగా వాడుకోవచ్చు.

4. బైబిల్ ఏం చదవాలి, ఏది కొన్నాళ్ళు పక్కన పెట్టాలి

కళ్ళు మూసుకుని బైబిల్ తెరిచి వేలు పెట్టిన చోట దేవుడు మాట్లాడతాడని చూడటం మానేయండి. మంచి రోజుల్లో సరే, ఈ రోజుల్లో వేలు పడేది ఏదో ఒక శాపం మీదే, పడకపోయినా మీకు శాపంలాగే కనిపిస్తుంది. డిసెంబరు 31 రాత్రి తీసిన వాగ్దానపు కార్డుని పట్టుకుని "ఈ ఏడు నాకు సంతోషం అని వచ్చింది, సంతోషం లేదు, అంటే నా తప్పే" అని లెక్కలు వేయడం కూడా అంతే. హెబ్రీ 6, 10 అధ్యాయాలు, క్షమాపణ లేని పాపం గురించిన మాటలు, ప్రకటన గ్రంథంలో తీర్పులు, ఇవి బాగయ్యాక చదువుకుందురు గాని. లేఖనంలో కొంత భాగాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టినంత మాత్రాన లేఖనాన్ని తృణీకరించినట్టు కాదు.

చదవాల్సింది 88వ కీర్తన. సంఘంలో ఎవరూ దీన్ని వాగ్దానంగా ఇవ్వరు, క్యాలెండర్ మీద వేయరు. మిగతా విలాప కీర్తనలు ఏడుపుతో మొదలై చాలావరకు స్తుతిలో తేలతాయి, ఇది తేలదు. చివరి మాట "చీకటియే నాకు బంధువర్గమాయెను." అక్కడితో ఆగిపోతుంది. ఎందుకు ఉంచారు దీన్ని బైబిల్లో? నాకు అర్థమైనంతలో, అక్కడితో ఆగిపోయిన మనిషి కూడా దేవుడితో మాట్లాడుతున్నట్టే లెక్క అని చెప్పడానికి. మొదటి మాట మళ్ళీ చూడండి, "యెహోవా" అని పిలుస్తూనే మొదలవుతుంది. ఆ తర్వాత 42వ కీర్తన, అందులో "నా ప్రాణమా, నీవు ఏల క్రుంగియున్నావు?" అని తనని తానే అడుగుతాడు, జవాబు వెంటనే రాదు, అదే ప్రశ్న మళ్ళీ అడుగుతాడు. యెషయా 42:3 ఒక్క వచనం, "మకమకలాడుచున్న జనుపనార వత్తిని ఆర్పడు" అన్నది. జనుము, గోగునార పండించిన జిల్లాల వాళ్ళం, మనకి దీన్ని ఎవరూ వివరించక్కర్లేదు.

మంచి శుక్రవారం, సిలువ మీద యేసు అన్న ఏడు మాటల ఆరాధనలో నాలుగో మాట ఎవరికిస్తారో గమనించారా? "నా దేవా, నా దేవా" అన్నదాన్ని తీసుకోవడానికి చాలామంది వెనకాడతారు. దేవుడు తనని విడిచినట్టు అనిపించడం యేసుకే జరిగింది, ఆయన 22వ కీర్తన మొదటి వాక్యాన్నే అరిచి చెప్పాడు. కాబట్టి ఆ అనుభవం ఉన్నంత మాత్రాన మీరు విశ్వాసం కోల్పోయినట్టు అయితే ఆ లెక్క ఎక్కడిదాకా పోతుందో చూసుకోండి.

చదవలేకపోతే వినండి, ఫోన్‌లో ఆడియో బైబిల్ పెట్టుకుని పడుకున్నా చాలు. వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే "సంతోషించుడి" స్టేటస్‌లు మ్యూట్ చేసేయండి, పాపం కాదు.

5. చర్చికి వెళ్ళండి, కానీ మీ లెక్క ప్రకారం

వెనక కూర్చోండి. తలుపు పక్కన. స్తుతి ఆరాధన హోరు తట్టుకోలేకపోతే వాక్యం వేళకి వెళ్ళండి, లేదా బల్ల తీసుకునే ఆదివారం మాత్రమే వెళ్ళండి. రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి ఏదో అనిపించాలన్న షరతు లేదు, చెయ్యి చాపితే చాలు. పాటల టీమ్, సండే స్కూల్, స్త్రీల సమాజం, ఏ బాధ్యత ఉన్నా మూడు నెలలు వేరేవాళ్ళకి అప్పగించండి. సాక్ష్యం చెప్పమని మైకు చేతికిస్తే తల అడ్డంగా ఊపి వెనక్కిచ్చేయండి.

పాస్టర్ గారికి చెప్పాలా? మనిషి మంచివాడైతే చెప్పండి, ఎలా చెప్పాలో ముందే అనుకుని వెళ్ళండి. "అయ్యగారూ, నాకు డిప్రెషన్ అని డాక్టర్ చెప్పారు, మందులు వాడుతున్నాను, ఆపను. మీరు ఇంటికొచ్చి చిన్న ప్రార్థన చేసి వెళ్ళండి. సంఘంలో నా పేరు మైకులో చదవొద్దు." చివరి వాక్యం మరిచిపోకండి. ఊళ్ళో చర్చి మైకు మూడు వీధులకి వినిపిస్తుంది, ప్రార్థన మనవి అని మొదలైంది సోమవారానికి చెరువు గట్టు మీద కబురైపోతుంది.

ఒక్కరు చాలు. మార్కు రెండో అధ్యాయంలో పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చి ఇంటి కప్పు విప్పి దింపుతారు. అక్కడ యేసు "వారి విశ్వాసము" చూశాడని రాసుంది. మంచం మీద ఉన్నవాడు ఒక్క మాట మాట్లాడినట్టు లేదు. ఈ కాలంలో మీ విశ్వాసం మీరే మోయాలని ఎవరూ చెప్పలేదు. మోసేవాళ్ళని వెతుక్కోండి.

మా సంఘంలో ఒక పెద్దావిడ ఉంది, చదువు లేదు, బుధవారం ఉపవాస ప్రార్థన అయ్యాక మా ఇంటికి వచ్చేది. మొదటిసారి వచ్చినప్పుడు ఇప్పుడీవిడ గంట ప్రార్థన చేస్తుందని నాకు టెన్షన్. "ఏటలగున్నావు?" అని ఒక్కసారి అడిగింది, నేను చెప్పలేకపోయాను. "సర్లే, నువ్వు తొంగో బాబూ, నాను కూకుంతాను" అని గోడకి ఆనుకుని కూర్చుని, తెచ్చుకున్న తోటకూర కట్ట విప్పి ఒక్కో ఆకూ తుంచుతూ, పాత కీర్తన ఏదో గొణుక్కుంటూ పాడుకునేది. పర్లాకిమిడి వైపు పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటివాళ్ళు రాసిన ఆ పాత ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు ఆవిడకి పుస్తకం లేకుండా వచ్చు. తల వంచుకుని, పురుగు పట్టిన ఆకు పక్కకి తీసి, మధ్యలో రాగం మరిచిపోయి మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకునేది. నాకు పాట వినిపించేది, దేవుడు వినిపించేవాడు కాదు. అయినా ఆ గంట నేను నిద్రపోయేవాణ్ణి. వెళ్ళేటప్పుడు తల మీద చెయ్యి పెట్టి "ప్రభువా, నీకు తెలుసు" అనేది, అంతే ఆవిడ ప్రార్థన. మీ సంఘంలో ఇలాంటి మనిషి ఉంటుంది. సాధారణంగా వేదిక మీద ఉండదు.

6. ఉపవాసం, ఆల్ నైట్ ప్రేయర్, దయ్యం మాట

డిప్రెషన్ మందులు వాడుతూ డాక్టర్ని అడగకుండా ఉపవాసం ఉండకండి. లిథియం వాడేవాళ్ళయితే అసలు ఆలోచించొద్దు, నీళ్ళు మానేస్తే ఆ మందు రక్తంలో ప్రమాదకరమైన స్థాయికి పెరుగుతుంది. బైపోలార్, అంటే మనసు ఒకసారి కుంగిపోయి ఇంకోసారి హద్దు మీరి ఎగిరే జబ్బు ఉన్నవాళ్ళకి, రాత్రంతా మేలుకోవడమే జబ్బుని ఇంకో వైపుకి తిప్పి, నిద్ర లేకుండా తిరిగే, డబ్బు విసిరే, "దేవుడు నాతో మాట్లాడాడు" అని అరిచే మ్యానియాలోకి తోసేయొచ్చు. దాన్ని అభిషేకం అనుకుని చప్పట్లు కొట్టేవాళ్ళూ ఉంటారు. ఆ శుక్రవారం రాత్రి ఇంట్లో పడుకోండి.

దయ్యం పట్టిందని, చేతబడి అని ఎవరైనా మొదలుపెడితే ఇంట్లో ఒకరు గట్టిగా నిలబడి "ప్రార్థన చేయండి, చెయ్యి చేసుకోవద్దు, కట్టొద్దు, మందు ఆపొద్దు" అని చెప్పాలి. ఈ మూడింటిలో ఒక్కటి జరిగినా అక్కడి నుంచి లేచి వచ్చేయడమే.

"ఇంత పెద్ద విశ్వాసికి డిప్రెషన్ ఏంటి" అనేవాళ్ళకి రెండు పేర్లు చెప్పండి. స్పర్జన్, మన పాస్టర్లు ప్రసంగాల్లో ఎన్నిసార్లో పేరు చెప్పే లండన్ ప్రసంగికుడు, 1856 అక్టోబరులో ఆయన ప్రసంగిస్తున్న హాల్లో ఎవరో నిప్పు అని అరిస్తే తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు, ఆ తర్వాత ఆయన జీవితాంతం కుంగుబాటుతో పోరాడాడు, దాని గురించి వేదిక మీదే మాట్లాడాడు. రెండో పేరు మదర్ థెరిసా, దేవుడు లేనట్టే అనిపించిన చీకటి గురించి ఆవిడ రాసుకున్న ఉత్తరాలు 2007లో అచ్చయ్యాయి, దశాబ్దాల పాటు ఆ చీకటి వదల్లేదు. ఆ చీకటితోనే రోజూ పొద్దున్నే లేచి పనికి వెళ్ళింది.

7. ఇప్పుడు చేయకూడని నిర్ణయాలు

విశ్వాసం వదిలేస్తున్నానని ప్రకటించకండి. మళ్ళీ బాప్తిస్మం తీసుకోవాలనీ అనుకోకండి. సంఘం మారకండి, మీకు అక్కడ హాని జరుగుతుంటే తప్ప. టీవీలో నంబరు చూసి విత్తన కానుక పంపితే బాగవుతుందన్న మాటకి బంగారం కుదువ పెట్టకండి. "నన్ను బాగుచేస్తే ఇది చేస్తాను" అని దేవుడికి పెద్ద పెద్ద మాటలు ఇవ్వకండి, బాగయ్యాక ఆ మాటే మెడకి చుట్టుకుంటుంది. దేవుడు ఉన్నాడా లేడా అన్న ప్రశ్న కూడా కావాలంటే ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి, రెండు నెలల పాటు అన్నం సరిగ్గా తిని, నిద్ర సరిగ్గా పోయిన మనిషిగా దాన్ని తీసి చదువుకోండి. అప్పటికీ ప్రశ్న అలాగే ఉంటే అప్పుడు దానికి పూర్తి న్యాయం చేయొచ్చు.

ఇంట్లోవాళ్ళకి ఒక్క మాట. "లే, ప్రార్థన చేసుకో" అనకండి. "నేను నీ పక్కన కూర్చుని చేస్తాను, నువ్వు వినక్కర్లేదు" అనండి. సాయంత్రం చల్లబడ్డాక అయ్యకోనేరు గట్టు చుట్టూనో నాగావళి ఒడ్డునో పది నిమిషాలు నడిపించుకు రండి, మాటలు వద్దు.

8. తిరిగి వచ్చే వరస

మొదట వచ్చేది ఆనందం కాదు. చాలామందిలో నిద్ర ముందు కుదురుతుంది, తర్వాత ఆకలి, తర్వాత ఒకరోజు కూరలో ఉప్పు తక్కువైందని విసుగొస్తుంది, విసుగు రావడం మంచి గుర్తు. దేవుడు దగ్గరున్నట్టు అనిపించడం చివరికి రావచ్చు, అదీ ఏ కూటంలోనో కాక బట్టలు ఆరేస్తున్నప్పుడో, బస్సులో కిటికీ పక్కనో రావచ్చు, వచ్చి పోవచ్చు. అది వచ్చిందని మాత్ర ఆపేయకండి. మొదటిసారి డిప్రెషన్ వచ్చినవాళ్ళకి బాగయ్యాక కూడా ఆరు నెలల నుంచి తొమ్మిది నెలల దాకా మందు కొనసాగించమని సాధారణంగా డాక్టర్లు చెబుతారు, ఆపేటప్పుడు కూడా వాళ్ళే మెల్లగా తగ్గిస్తారు.

ఒకవేళ నిద్ర కుదిరి, ఆకలి వచ్చి, పనికి వెళ్తూ కూడా అన్నీ చప్పగా ఉన్నాయనుకోండి, ఏడుపూ రావడం లేదు, నవ్వూ రావడం లేదు, పాట పాడితే ఒళ్ళు పులకరించడం లేదు. దాన్ని వెంటనే ఆత్మీయ సమస్య అనుకోకండి. కొందరిలో ఆ మందులే మనసుని అలా మొద్దుబారుస్తాయి. తర్వాత ఓపీకి వెళ్ళినప్పుడు "బాగానే ఉందండి" అని చీటీ తీసుకుని వచ్చేయకుండా, "చర్చిలో పాడుతుంటే ఇదివరకులా ఏమీ అనిపించడం లేదు" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి, డోసు తగ్గించడమో మందు మార్చడమో వాళ్ళు చూస్తారు.